టోపీ పెట్టుకున్న పెద్దమనిషి

యుద్ధం ఆయన ఊరిని కాల్చివేసింది. రాజకీయం ఆయన దేశాన్ని రెండుగా చీల్చింది. గట్టిగా గదమాయించడం చేతకాని ఈ మెత్తని మనిషి జర్మన్ ఫుట్‌బాల్‌ను ప్రపంచ శిఖరానికి ఎలా చేర్చగలిగాడు?

1974 జూన్ 22వ తేదీ సాయంకాలం. పశ్చిమ జర్మనీలోని హాంబర్గ్ నగరపు క్రీడా మైదానం జనంతో క్రిక్కిరిసి ఉంది. ప్రపంచ కప్ ఫుట్‌బాల్ పోటీలు సొంతగడ్డ మీద జరుగుతున్నాయి. ఆనాటి ప్రత్యర్థి మరెవరో కాదు, తూర్పు జర్మనీ. ఒకే భాష మాట్లాడే ఒకే జాతి రెండు జెండాల కింద నిలబడి, రెండు జాతీయ గీతాలు విని, ఒకే బంతి కోసం పెనుగులాడుతోంది.

ఆట 77వ నిమిషంలో తూర్పు జర్మనీ ఆటగాడు యుర్గెన్ స్పార్‌వాసర్ దూసుకు వచ్చి బంతిని గోల్‌లోకి కొట్టాడు. అంతే. 1-0. ధనమూ, కీర్తీ, ఐరోపా ఛాంపియన్ బిరుదూ ఉన్న పశ్చిమ జర్మనీ తన పేద సోదరుడి చేతిలో ఓడిపోయింది.

మైదానం అంచున కూర్చుని ఈ దృశ్యాన్ని చూసిన పశ్చిమ జర్మనీ శిక్షకుడి వయస్సు అప్పటికి 58 ఏళ్ళు. పొడుగాటి మనిషి. తలమీద ఎప్పుడూ ఉండే ఆ చదునైన టోపీ. ఆయన పేరు హెల్ముట్ షోన్. ఆ ఓటమి అందరికీ అవమానమే. కాని ఆయనకు అది అవమానం మాత్రమే కాదు. ఎందుకంటే ఆయన పుట్టి పెరిగిన ఊరు సరిహద్దుకు ఆవల, తూర్పు జర్మనీలో ఉంది.

ఆ రాత్రి ఆయన ముందు రెండు దారులున్నాయి. అధికారం చేతిలో ఉన్నది గనుక ఆటగాళ్ళను దోషులుగా నిలబెట్టవచ్చు. లేదా వారు చెప్పేది వినవచ్చు. ఆయన దేనిని ఎన్నుకున్నారో తెలుసుకోవాలంటే, ముందు ఆయన నడిచి వచ్చిన దారిని చూడాలి.

మంటల్లో కలిసిన మైదానం

హెల్ముట్ షోన్ 1915 సెప్టెంబరు 15న డ్రెస్డెన్ నగరంలో జన్మించారు. తండ్రి కళాఖండాల వ్యాపారి. చిత్రశాలలకు, సంగీత నాటకశాలకు పేరుపొందిన నగరమది. అటువంటి ఇంట, అటువంటి ఊళ్ళో పెరిగిన బాలుడు ఫుట్‌బాల్ వెంట పడటం పెద్దలకు అంతగా రుచించని విషయమే. అయినా డ్రెస్డనర్ ఎస్.సి. అనే సంఘంలో అతడి ఆట వికసించింది. ఆ రోజుల్లో ఆ సంఘానికి జిమ్మీ హోగన్ అనే ఆంగ్లేయుడు శిక్షణ ఇస్తూ ఉండేవాడు. బంతిని గుడ్డిగా దూరంగా తన్నడం కాదు, దానిని లొంగదీసుకోవాలి, ఆలోచించి తోటివానికి అందించాలి అన్నది హోగన్ పాఠం. ఆ పాఠాన్ని షోన్ జీవితాంతం మరచిపోలేదు.

1937 నవంబరులో స్వీడన్‌పై తొలిసారి జర్మనీ తరఫున ఆడుతూ ఆయన రెండు గోల్స్ చేశారు. మొత్తం మీద 16 అంతర్జాతీయ పోటీలలో 17 గోల్స్. ఏ దేశపు ముందు వరుస ఆటగాడైనా గర్వపడదగిన లెక్క ఇది. డ్రెస్డెన్ జట్టుతో 1940, 1941 సంవత్సరాలలో జర్మన్ కప్‌ను, 1943, 1944 సంవత్సరాలలో జాతీయ ఛాంపియన్ పదవిని గెలిచారు. కాని ఆటగాడిగా ప్రపంచ కప్‌లో పాల్గొనే భాగ్యం మాత్రం ఆయనకు దక్కలేదు. 1942, 1946 పోటీలను యుద్ధం మింగివేసింది. యౌవనపు ఉత్తమ సంవత్సరాలు ఆ విధంగా గడిచిపోయాయి.

1945 ఫిబ్రవరి 13వ తేదీ రాత్రి బ్రిటిష్ విమానాలు డ్రెస్డెన్ మీద విరుచుకుపడ్డాయి. రెండు రోజుల పాటు సాగిన దాడులలో సుమారు 25,000 మంది మరణించారని చరిత్రకారులు నిర్ధారించారు. ఆ రాత్రి బాంబర్లకు దారి చూపే గురుతుగా వైమానికులు ఎంచుకున్న స్థలం ఏదో తెలుసా? షోన్ గోల్స్ కొట్టిన డ్రెస్డనర్ ఎస్.సి. క్రీడా మైదానం! నదీ తీరాన ఉన్న ఆ విశాల ప్రదేశం ఆకాశం నుంచి సులభంగా కనిపించేది. వేలాదిమంది ఆనందంతో కేకలు వేసిన చోటును ఆనవాలుగా పెట్టుకుని ఒక నగరాన్ని కాల్చివేశారు.

ఒక ఆట, ఒక వలస

యుద్ధానంతరం డ్రెస్డెన్ సోవియట్ అధీనంలోకి వచ్చింది. పాత క్రీడా సంఘాలను రద్దు చేశారు. డ్రెస్డనర్ ఎస్.సి. ఆటగాళ్ళు ఫ్రెడ్రిక్‌స్టాట్ అనే కొత్త పేరుతో మళ్ళీ జట్టు కట్టారు. షోన్ వారికి ఆటగాడూ, శిక్షకుడూ కూడా.

1950 ఏప్రిల్ 16న తూర్పు జర్మనీ ఛాంపియన్ ఎవరో తేల్చే ఆట ఈ జట్టుకూ, హోర్హ్ స్విక్కావ్ అనే కార్మిక జట్టుకూ మధ్య డ్రెస్డెన్‌లోనే జరిగింది. 60,000 మంది చూడవచ్చారు. పాత మధ్యతరగతి సంఘపు వాసన ఉన్న షోన్ జట్టు కంటే, కర్మాగారపు జట్టు గెలవడమే పాలకులకు ఇష్టం. ప్రత్యర్థుల మోటు ఆటను రెఫరీ చూసీ చూడనట్లు ఊరుకున్నాడు. దెబ్బలు తగిలి ఒక్కొక్కరే బయటికి పోగా, ఆట ముగిసేసరికి షోన్ పక్షాన ఎనిమిదిమందే మిగిలారు. 5-1 తేడాతో వారు ఓడిపోయారు. కోపోద్రిక్తులైన జనం మైదానంలోకి చొచ్చుకువచ్చారు. తరువాత అధికారులు ఆ జట్టునే లేకుండా చేశారు.

కొన్ని వారాలు గడిచాయో లేదో, షోన్, ఆయనతోపాటు జట్టులోని అధిక సంఖ్యాకులు పశ్చిమ బెర్లిన్ చేరుకుని హెర్తా సంఘంలో చేరారు. బెర్లిన్ గోడ లేవడానికి ఇంకా పదకొండేళ్ళు ఉన్నది గనుక వారు దాటి రాగలిగారు. కాని పుట్టిన ఊరు వెనుకనే ఉండిపోయింది. సరిహద్దు గీత ఒకటి పొరుగువారిని పరాయివారిగా ఎలా మార్చివేస్తుందో మన ఉపఖండపు పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

మూడవ జర్మనీ శిక్షకుడు

ఆ రోజుల్లో ఫుట్‌బాల్ ప్రపంచంలో మూడు జర్మనీలు ఉండేవంటే ఈనాటివారికి ఆశ్చర్యంగా ఉంటుంది. ఫ్రాన్స్ రక్షణ కింద ఉన్న సార్‌లాండ్ అనే బొగ్గుగనుల ప్రాంతం కొన్నేళ్ళ పాటు వేరే దేశంలా మనింది. దానికి సొంత జాతీయ జట్టు ఉండేది. 1952లో ఆ జట్టుకు శిక్షకుడైన వ్యక్తి హెల్ముట్ షోన్.

1954 ప్రపంచ కప్ అర్హత పోటీలలో ఈ చిన్న జట్టు నార్వేను దాని సొంతగడ్డమీద, ఓస్లో నగరంలో, 3-2తో ఓడించి అందరినీ విస్మయపరిచింది. అదే గ్రూపులో ఉన్న పశ్చిమ జర్మనీ చేతిలో రెండుసార్లు ఓడినా, రెండవ స్థానంలో నిలిచింది. ఏ పశ్చిమ జర్మనీ తనను ఓడించిందో అదే జట్టు ఆ ఏడాది ప్రపంచ కప్ గెలిచింది.

ఆ విజయానికి కారకుడు జెప్ హెర్బెర్గర్. క్రమశిక్షణకు, చతురోక్తులకు పేరొందిన హెర్బెర్గర్ మాటే ఆ జట్టుకు శాసనం. 1956లో ఆయన షోన్‌ను తన సహాయకుడిగా పిలిపించుకున్నాడు. ఎనిమిదేళ్ళు నీడవలె పనిచేసిన తరువాత, 1964లో షోన్ ఆ పీఠాన్ని అధిష్ఠించారు.

హెర్బెర్గర్ పోలికతో చూసినవారికి ఈ కొత్త శిక్షకుడు బలహీనుడిగా తోచాడు. ఆయన కేకలు వేయడు. నిర్ణయం చేసేముందు పదిమందినీ అడుగుతాడు. విమర్శకు త్వరగా నొచ్చుకుంటాడు. సంగీతమన్నా నాటకమన్నా చెవి కోసుకుంటాడు. ఇటువంటి సున్నిత మనస్కుడు పాతికమంది మొండి యువకులను అదుపులో పెట్టగలడా అని పత్రికలవారు సందేహించారు.

నమ్మకం అనే పెట్టుబడి

జవాబు 1965 సెప్టెంబరులో స్టాక్‌హోమ్‌లో లభించింది. ప్రపంచ కప్‌కు అర్హత పొందాలంటే స్వీడన్‌ను ఆ దేశంలోనే ఓడించవలసిన పరిస్థితి. కాలి మడమ నరం తెగి శస్త్రచికిత్స చేయించుకున్న ఉవే జీలర్‌ను షోన్ జట్టులోకి తీసుకున్నారు. అంతేకాదు, అంతవరకు ఒక్క అంతర్జాతీయ పోటీ కూడా ఆడని ఇరవై ఏళ్ళ కుర్రవాడిని బరిలోకి దింపారు. జర్మనీ 2-1తో గెలిచింది. విజయాన్ని అందించిన గోల్ జీలర్‌ది. ఆ కుర్రవాడి పేరు ఫ్రాంజ్ బెకెన్‌బవర్.

మరుసటి ఏడు లండన్‌లోని వెంబ్లీ మైదానంలో ప్రపంచ కప్ ఫైనల్. అదనపు సమయంలో ఇంగ్లండ్ ఆటగాడు హర్స్ట్ కొట్టిన బంతి పై కమ్మీకి తగిలి నేలకు కొట్టుకుంది. అది గీత దాటిందా లేదా? దశాబ్దాల తరబడి సాగిన ఈ వివాదంలో ఆనాటి తీర్పు జర్మనీకి ప్రతికూలమైంది. ఆటగాళ్ళు కొద్దిసేపు వాదించి, చివరకు తల ఒగ్గారు. 4-2తో ఓడినా, ఓటమిని హుందాగా స్వీకరించిన జట్టుగా మన్నన పొందారు. యుద్ధం ముగిసి ఇరవై ఒక్క సంవత్సరాలే అయిన ఆ కాలంలో, లండన్ నగరంలో, జర్మన్లకు ఆ మన్నన చిన్న విషయమేమీ కాదు.

ఎత్తుపల్లాలు లేకపోలేదు. 1967 డిసెంబరులో అల్బేనియా వంటి చిన్న దేశాన్ని ఓడించలేక 0-0తో సరిపెట్టుకుని, పశ్చిమ జర్మనీ ఐరోపా పోటీల తుది దశకు చేరలేకపోయింది. షోన్‌ను తొలగించాలన్న కేకలు మిన్నుముట్టాయి. ఆయన చలించారు గాని తన పద్ధతి మార్చుకోలేదు.

1970 మెక్సికో ప్రపంచ కప్‌కు ముందు మరో చిక్కు. గోల్స్ కొట్టడంలో ఆరితేరిన జీలర్, గెర్డ్ ముల్లర్ ఒకే స్థానానికి పోటీదారులు. ఒకరిని పక్కన పెట్టడం తేలిక. షోన్ అలా చేయలేదు. జీలర్‌ను కొంచెం వెనుకనుండి ఆడమని ఒప్పించి ఇద్దరికీ చోటు కల్పించారు. ఫలితం? ముల్లర్ ఆ పోటీలలో 10 గోల్స్ చేశాడు. క్వార్టర్ ఫైనల్‌లో ఇంగ్లండ్ 2-0తో ముందంజలో ఉండగా, బెకెన్‌బవర్ ఒక గోల్, జీలర్ వెనుదిరిగి తలతో మరొక గోల్ చేశారు. అదనపు సమయంలో ముల్లర్ గోల్‌తో విజయం దక్కింది. సెమీఫైనల్‌లో ఇటలీ చేతిలో 4-3తో ఓడిన ఆట చూసినవారు ఈనాటికీ మరువలేరు. భుజం దెబ్బతిన్న బెకెన్‌బవర్ చేతిని కట్టుకుని చివరిదాకా ఆడాడు.

రెండేళ్ళ తరువాత పూలు విరబూశాయి. 1972 ఏప్రిల్‌లో వెంబ్లీలో ఇంగ్లండ్‌పై 3-1, జూన్‌లో బ్రస్సెల్స్‌లో సోవియట్ యూనియన్‌పై 3-0. ఐరోపా కప్ పశ్చిమ జర్మనీదైంది. బెకెన్‌బవర్ వెనుకనుండి ముందుకు వస్తే నెట్సర్ వెనక్కు తగ్గడం, నెట్సర్ ముందుకు పోతే బెకెన్‌బవర్ కాపు కాయడం. ఎవరు ఎప్పుడు కదలాలో బల్ల మీద గీసి చూపి శాసించే శిక్షకుడి కింద ఇటువంటి ఆట పుట్టేది కాదు. హోగన్ నాటిన విత్తనం నలభై ఏళ్ళకు కాపుకు వచ్చిందనవచ్చు.

మాలెంటెలో ఆ రాత్రి

ఇక 1974కు వద్దాం. ప్రపంచ కప్‌కు ముందు జట్టు మాలెంటె అనే ప్రశాంతమైన చిన్న ఊళ్ళో విడిది చేసింది. ప్రశాంతత ఊరికే పరిమితమైంది. గెలిస్తే తమకు ముట్టవలసిన బహుమానపు సొమ్ము గురించి ఆటగాళ్ళు ఫుట్‌బాల్ సమాఖ్యతో పట్టుదలకు పోయారు. దేశం తరఫున ఆడటమే గౌరవమని నమ్మిన తరానికి చెందిన షోన్‌కు ఇది గుండెకోత. ఆయన పెట్టె సర్దుకుని వెళ్ళిపోవడానికి సిద్ధపడ్డారు. చివరకు కెప్టెన్ బెకెన్‌బవర్ మధ్యవర్తిత్వంతో రాజీ కుదిరింది.

ఆ పుండు మానకముందే తూర్పు జర్మనీతో ఓటమి వచ్చిపడింది. నిజానికి ఆ రోజు ఆట మొదలయ్యేసరికే రెండు జట్లూ తరువాతి దశకు అర్హత పొంది ఉన్నాయి. లెక్కల ప్రకారం నష్టమేమీ లేదు. కాని లెక్కలు మనస్సును ఓదార్చలేవు. షోన్ కుంగిపోయారు.

ఆ సమయంలో ముందుకు వచ్చినవాడు బెకెన్‌బవర్. తోటి ఆటగాళ్ళను మొహమాటం లేకుండా దులిపివేశాడు. ఎవరిని మార్చాలో, ఎవరిని తేవాలో శిక్షకుడికి తన అభిప్రాయం చెప్పాడు. ‘జట్టును నడిపేది ఇక బెకెన్‌బవరే, షోన్ పేరుకు మాత్రమే’ అని ఎకసెక్కాలాడినవారు అప్పుడూ ఉన్నారు, తరువాతా ఉన్నారు.

ఆ మాటలో కొంత నిజముంది. అయితే ఆలోచించి చూడండి. తొమ్మిదేళ్ళ క్రితం అందరి సందేహాలనూ లెక్కచేయక ఆ కుర్రవాడిని స్టాక్‌హోమ్‌లో బరిలోకి దింపింది ఎవరు? అతడు స్వతంత్రంగా ఆలోచించేటట్లు పెంచింది ఎవరు? తాను పెంచిన మనిషి తనకు బుద్ధి చెప్పే స్థాయికి ఎదిగినప్పుడు, అహం అడ్డు రాకుండా వినగలగడం బలహీనత అవుతుందా? ఆ రాత్రి షోన్ తన ముందున్న రెండు దారులలో వినడమనే దారిని ఎన్నుకున్నారు. జట్టును మార్చిన బాధ్యతను మాత్రం తనమీదనే వేసుకున్నారు. ఓడితే పోయేది తన ఉద్యోగమే, బెకెన్‌బవర్‌ది కాదు.

బోన్‌హోఫ్, హోల్జెన్‌బైన్ వంటివారు కొత్తగా బరిలోకి వచ్చారు. యుగోస్లావియాపై 2-0, స్వీడన్‌పై 4-2, వాన నీటిలో తేలియాడిన ఫ్రాంక్‌ఫర్ట్ మైదానంలో పోలండ్‌పై 1-0. తూర్పు జర్మనీ చేతిలో ఓడినందువల్ల బ్రెజిల్, హాలండ్, అర్జెంటీనాలు ఉన్న కఠినమైన గ్రూపు తప్పిపోవడం కూడా విధి చేసిన విచిత్రమే.

జూలై 7న మ్యూనిక్‌లో ఫైనల్. ప్రత్యర్థి క్రైఫ్ నాయకత్వంలోని హాలండ్. జర్మన్ ఆటగాళ్ళు బంతిని ఒక్కసారైనా తాకకముందే హాలండ్‌కు పెనాల్టీ దక్కింది. నీస్కెన్స్ గోల్ చేశాడు. 25వ నిమిషంలో హోల్జెన్‌బైన్‌ను పడదోసినందుకు ఇచ్చిన పెనాల్టీతో బ్రైట్నర్ లెక్క సమం చేశాడు. 43వ నిమిషంలో బోన్‌హోఫ్ అందించిన బంతిని ముల్లర్ గోల్‌గా మలిచాడు. 2-1. రెండు గోల్స్ వెనుకా ఉన్నది మాలెంటె రాత్రి తరువాత జట్టులోకి వచ్చినవారే.

ఐరోపా కప్‌నూ ప్రపంచ కప్‌నూ రెండింటినీ గెలిచిన మొట్టమొదటి శిక్షకుడు హెల్ముట్ షోన్.

పొగమంచులో వీడ్కోలు

శిఖరం మీద ఎవరూ ఎల్లకాలం నిలవలేరు. 1976 ఐరోపా ఫైనల్‌లో చెకోస్లొవేకియా చేతిలో పెనాల్టీలపై ఓటమి. 1977లో బెకెన్‌బవర్ న్యూయార్క్ జట్టుకు వెళ్ళిపోయాడు. 1978 అర్జెంటీనా ప్రపంచ కప్‌లో అతడు లేడు. షోన్ పద్ధతికి ఒక షరతు ఉన్నదని అప్పుడు తేటతెల్లమైంది. శిక్షకుడు స్వేచ్ఛ ఇచ్చినప్పుడు దానిని అందుకుని బాధ్యతగా మార్చుకునే మనిషి ఒకడు మైదానంలో ఉండాలి. అటువంటివాడు లేనప్పుడు మెత్తదనం నిజంగానే మెత్తదనంగా మిగిలిపోతుంది. ఆరు ఆటలలో ఒక్కటే గెలుపు. చివరి ఆటలో కోర్డొబా నగరంలో ఆస్ట్రియా 3-2తో ఓడించింది.

ఆ పోటీల తరువాత పదవి వదులుతానని షోన్ ముందే ప్రకటించి ఉన్నారు. ఆ టోపీ మనిషి ఇంటికి మరలిపోవడం గురించి ఉడో యుర్గెన్స్ అనే ప్రసిద్ధ గాయకుడు ఒక పాట పాడారు. 1978 నవంబరు 15న ఫ్రాంక్‌ఫర్ట్‌లో హంగెరీతో ఆయన గౌరవార్థం వీడ్కోలు ఆట ఏర్పాటు చేశారు. దట్టమైన పొగమంచు కమ్ముకుని బంతి కనిపించకపోవడంతో 60 నిమిషాల తరువాత ఆట నిలిపివేశారు. గెలుపూ లేదు, ఓటమీ లేదు.

14 సంవత్సరాలు, 139 ఆటలు. 87 గెలుపులు, 31 సమానాలు, 21 ఓటములు. నాలుగు ప్రపంచ కప్‌లలో 25 ఆటలకు శిక్షకుడిగా నిలిచి 16 గెలిచారు. ఆయన వెళ్ళిపోయిన తరువాత కూడా ఆయన నాటిన చెట్లు ఫలించాయి. 1990లో రోమ్ నగరంలో జర్మనీకి మళ్ళీ ప్రపంచ కప్ తెచ్చిన శిక్షకుడు బెకెన్‌బవరే. ఆ తరువాత ఆ పీఠం ఎక్కినవాడు షోన్ జట్టులోనే క్రైఫ్‌ను కట్టడి చేసిన బెర్టి ఫోగ్ట్స్.

మరి హాంబర్గ్‌లో ఆ గోల్ కొట్టిన స్పార్‌వాసర్ ఏమయ్యాడు? 1988 జనవరిలో పూర్వపు ఆటగాళ్ళ పోటీకి పశ్చిమానికి వచ్చి, తిరిగి పోకుండా అక్కడే ఉండిపోయాడు. తూర్పు జర్మనీ గర్వంగా చెప్పుకున్న గోల్ వీరుడు కూడా చివరకు షోన్ నడిచిన దారినే నడిచాడు. అతడు ఆగిపోయిన ఊరు సార్‌బ్రుకెన్. ఒకప్పటి సార్‌లాండ్ రాజధాని.

1990 అక్టోబరు 3న రెండు జర్మనీలు ఒక్కటయ్యాయి. డ్రెస్డెన్ మళ్ళీ షోన్ దేశంలోని ఊరైంది. అప్పటికి ఆయన వయస్సు 75. చివరి సంవత్సరాలలో ఆల్జీమర్స్ వ్యాధి ఆయన జ్ఞాపకాలను ఒక్కొక్కటిగా తీసుకుపోయింది. 1996 ఫిబ్రవరి 23న వీస్‌బాడెన్ నగరంలో, 80వ ఏట, ఆయన కన్నుమూశారు.

నాయకుడంటే ఉరిమే గొంతు అని నమ్మే లోకం మనది. ఆ నమ్మకం ఒక దేశాన్ని ఎక్కడికి తీసుకుపోగలదో డ్రెస్డెన్ శిథిలాల మధ్య చూసిన మనిషి హెల్ముట్ షోన్. ఆయన ఇంటిలో గాని, జట్టులో గాని, తన గొంతే అందరికంటె పైన వినిపించాలని కోరుకోలేదు. ఓడిన రాత్రి తనకంటె చిన్నవాడి మాట విని, పదిహేను రోజులకు ప్రపంచాన్ని గెలిచారు.